తాతగారి స్పూల్ టేపుల్లో కార్మిక సభలు: కంప్యూటరులోకి ఎక్కించే ముందు తెలుసుకోవాల్సినవి

మీ ప్రశ్న మిగతావాళ్లకూ అర్థమవ్వాలని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. విశాఖ మల్కాపురంలో మీ పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతగారి ట్రంకుపెట్టెలో స్పూల్ టేపులు బయటపడ్డాయి. ఆయన షిప్‌యార్డులో పనిచేస్తూ యూనియన్ వ్యవహారాలు చూసేవారు. అట్టపెట్టెల మీద పెన్సిల్‌తో ‘గేటు మీటింగు’, ‘టౌన్‌హాలు, కుళాయిల సభ’, ఒకదాని మీద ‘నెహ్రూ, జల ఉష, 1948’ అని రాసి ఉంది. ఒక స్పూలు పుల్లటి వాసన వేస్తోంది. షాపతను ఒకాయన టేపుకింత అని తీసుకుని, చప్పుడంతా తీసేసి పెద్దల ప్రసంగాలు మాత్రం నీటుగా ఎంపీ3 చేసి ఇస్తానన్నాడు. ఇవ్వొచ్చా, తర్వాత యూట్యూబులో పెట్టొచ్చా అని మీరు అడిగారు.

అలా ఇవ్వకండి. షాపతను మంచివాడు కాదని నా ఉద్దేశం కాదు. ఆయన తీసేస్తానంటున్న ‘చప్పుడు’లోనే ఆ టేపుల విలువ సగానికి పైగా ఉంటుంది. ఎందుకో కింద వివరంగా రాస్తాను. దానికంటే ముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది.

పుల్లటి వాసన వేస్తున్న స్పూలును మిగతావాటి నుంచి విడదీసి వేరే గదిలో పెట్టండి. అది ఎసిటేట్ టేపు. పాతబడి, తేమకి, వేడికి లోపల్లోపల విరుగుతున్నప్పుడు ఎసిటిక్ యాసిడ్, అంటే వినిగర్‌లో ఉండే ఆమ్లమే, ఆవిరిగా బయటికి వస్తుంది. ఆ ఆవిరి తగిలిన పక్క టేపులు కూడా త్వరగా పాడవుతాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగిస్తే ఆవిరి లోపలే ఉండిపోయి పని ఇంకా వేగంగా జరుగుతుంది, కాబట్టి కవర్లో పెట్టొద్దు. గాలి ఆడే అట్టపెట్టె చాలు. ట్రంకులో కలరా ఉండలు వేసి ఉంటే తీసేయండి, వాటి ఆవిరీ టేపుకి మంచిది కాదు. టేపులన్నీ నేల మీద కాకుండా బీరువాలో, సముద్రపు గాలి నేరుగా కొట్టే గోడకి దూరంగా, స్పీకర్లకీ ఇన్వర్టరుకీ దూరంగా, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. మన ఊళ్లో ఉప్పుగాలికి ఇనప స్పూళ్లు తుప్పు పడతాయి, వానాకాలంలో టేపు అంచుల మీద తెల్లటి బూజు పడుతుంది. బూజు ఉంటే మాస్కు పెట్టుకోకుండా ముట్టుకోవద్దు. చేతికి దొరికిన పాత టేపు రికార్డరు మీద వేసి ‘ఒక్కసారి విందాం’ అని మాత్రం అస్సలు అనుకోవద్దు. పెళుసెక్కిన టేపు ముక్కలైతే, బూజు మిషన్లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటే, ఆ ఒక్కసారే ఆఖరిసారి కావచ్చు.

మిగతావి ఏ రకమో తెలుసుకోవడం తేలికే. స్పూలును పక్క నుంచి వెలుతురుకి పెట్టి చూడండి. టేపు చుట్టల గుండా వెలుతురు లేతగా కనిపిస్తే ఎసిటేట్, నల్లగా మూసుకుపోయి ఉంటే పాలియెస్టర్. ఎసిటేట్ తెగితే శుభ్రంగా పుటుక్కున తెగుతుంది, అతికించుకోవచ్చు. పాలియెస్టర్ తెగేముందు సాగిపోతుంది, సాగినచోట మాట పోయినట్టే. పాలియెస్టర్ టేపు వాడకంలోకి వచ్చింది 1950ల నడుమ నుంచి. కాబట్టి పెట్టె మీద ఏ సంవత్సరం రాసి ఉన్నా, టేపు రకమే మొదటి సాక్షి.

ఇక్కడే ‘జల ఉష’ అనే ఓడ సంగతి. ఆ ఓడని నెహ్రూ నీళ్లలోకి దించింది 1948 మార్చి 14న. అప్పటికి టేపు రికార్డర్లు అమెరికాలోనే కొత్త, స్టూడియోలు అప్పుడప్పుడే కొనడం మొదలుపెట్టాయి. ఆ రోజు మన యార్డులో ఒక యూనియన్ కార్యకర్త దగ్గర స్పూల్ రికార్డరు ఉండటం దాదాపు అసాధ్యం. మీ దగ్గరున్నది తర్వాతెప్పుడో రేడియో నుంచో, వార్తాచిత్రం నుంచో పట్టుకున్నది అయ్యుండాలి, లేదా తర్వాతి సభలో ఎవరో ఆ రోజుని గుర్తుచేసుకుంటూ మాట్లాడింది అయ్యుండాలి. నిరాశపడకండి. నన్నడిగితే రెండోదే అయితే మేలు. నెహ్రూ గొంతు దేశంలో ఇంకా చాలాచోట్ల ఉంది. ఆ రోజు యార్డులో పనిలో ఉన్న మనిషి ఆ రోజు గురించి చెప్పిన మాట ఇంకెక్కడా దొరకదు.

మిగతా టేపుల తేదీ తేల్చడానికి ప్రసంగంలోనే ఆనవాళ్లు ఉంటాయి. పెట్టె మీది రాతని నమ్మే ముందు, టేపు ఎక్కించాక, చెవి పెట్టి వీటి కోసం వినండి. కూలి రేట్లు అణాల్లో చెప్తున్నారా, నయా పైసల్లోనా? దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ‘నయా’ అనే మాట 1964లో అధికారికంగా పోయింది. జనం నోట్లో అణాలు చాలా ఏళ్లు ఆడాయి కాబట్టి అణా వినిపించినంత మాత్రాన 1957కి ముందే అనలేం. నయా పైసా వినిపిస్తే మాత్రం అంతకు ముందు కాదని ఖాయంగా చెప్పొచ్చు. బియ్యం శేర్లలో, వీశెల్లోనా, కిలోల్లోనా? ‘మన ఆంధ్ర రాష్ట్రం’ అంటూ కొత్త రాష్ట్రపు ఉత్సాహంతో మాట్లాడుతుంటే 1953 అక్టోబరుకీ 1956 నవంబరుకీ మధ్య అయ్యే అవకాశం ఎక్కువ. కంపెనీని ‘సింధియా’ అనడం మీద ఆధారపడొద్దు. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయ్యాక కూడా మనం ఆ జంక్షన్ని ఇప్పటికీ సింధియా అనే కదా అంటున్నాం. కాల్టెక్స్ రిఫైనరీ ప్రస్తావన వస్తే 1950ల రెండో సగం లేదా ఆ తర్వాత. ‘పోర్టు ట్రస్టు’ వారికి మహజరు అంటే 1964 తర్వాత, అంతకు ముందు పోర్టు నేరుగా కేంద్రం చేతిలో ఉండేది. ఇక జనం ‘విశాఖ ఉక్కు’ నినాదం ఎత్తుకుంటే 1966కి వచ్చేశారన్నమాట. ఆ అక్టోబరులో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు గారి నిరాహారదీక్ష, నవంబరు 1న కాల్పులు, ఆ రోజుల సభ అని ఏ పెట్టె మీదైనా రాసి ఉంటే, పుల్లటి వాసనది అయ్యాక దాన్నే ముందు ఎక్కించండి.

ఇలా సంవత్సరం దగ్గరికి వచ్చాక పాత పత్రికల్లో వెతకండి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, 1952 నుంచి విశాలాంధ్ర. విశాఖలో ‘ఈనాడు’ మొదలైంది 1974లో, కాబట్టి అది మీకు పనికిరాదు. ఆంధ్రా యూనివర్సిటీలోని వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో పాత పత్రికల సంపుటాల గురించి అడగండి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూడా. సభ జరిగిన మర్నాడో మూడోనాడో నాలుగు వరుసల వార్త దొరికితే తేదీ ఖాయమవుతుంది.

ఇప్పుడు ఆ చప్పుడు సంగతి. ఇది కాస్త పొడుగ్గానే చెప్పాలి.

అమెరికాలో ఆ కాలపు పౌరసభల ప్రసంగాలు గంటలకొద్దీ దొరుకుతాయి. న్యూయార్క్ నగరపాలక సంస్థకి సొంత రేడియో ఉండేది, డబ్ల్యూఎన్‌వైసీ, 1924లో పెట్టింది. కూపర్ యూనియన్ హాల్లో జరిగే సభలని అది ప్రసారం చేసేది. డిస్కుల మీద రికార్డు చేసేవారు, పదహారు అంగుళాల డిస్కు, ఒక పక్కకి సుమారు పావుగంట. యుద్ధకాలంలో అల్యూమినియం దొరక్క గాజు పలకల మీద పూత పూసి వాడారు. వాటిలో చాలా ఆ నగరపు పాత దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. మన దగ్గర సంగతి వేరు. రేడియో మొత్తం ప్రభుత్వానిది. విశాఖ ఆకాశవాణి కేంద్రమే 1963 ఆగస్టులో మొదలైంది, అప్పటిదాకా మనకి విజయవాడ, మద్రాసు. రాజకీయ పార్టీలకి ఆకాశవాణిలో మాట్లాడే వీలు వచ్చిందే 1977 ఎన్నికలప్పుడు. అలాంటప్పుడు గేటు మీటింగుని ఎవరు ప్రసారం చేస్తారు, ఎవరు దాస్తారు? అందుకే ఉత్తరాంధ్రలో కార్మిక సభల శబ్దం ఎక్కడైనా మిగిలి ఉంటే మీ తాతగారిలాంటి వాళ్ల ట్రంకుల్లోనే మిగిలింది.

పేరున్న నాయకుడి ప్రసంగం ఏదో రూపంలో ఎక్కడో ఉంటుంది. వి.వి. గిరి గారిని తీసుకోండి. రైల్వే కార్మికుల సంఘాన్ని కట్టినవాడు, కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేసినవాడు. ఆయన అభిప్రాయాలు అచ్చులో ఉన్నాయి, పార్లమెంటు చర్చల్లో ఉన్నాయి. తెన్నేటి విశ్వనాథం గారి మాటలూ అంతే. కానీ సభ చివర మైకు దగ్గరకి వచ్చి ప్రశ్న అడిగిన కలాసీ పేరు పత్రికలో రాలేదు. యూనియన్ మినిట్సు పుస్తకంలో ‘తర్వాత సభ్యులు ప్రశ్నలు అడిగిరి’ అని ఒక్క వాక్యం ఉంటుంది, అంతే.

నేను ఎక్కించిన టేపుల్లో ఒకటి చెప్తాను. పోర్టు కూలీల సభ. అప్పట్లో మాంగనీసు రాయి ఇక్కడి నుంచి ఎగుమతి అయ్యేది, బుట్టలతో మోసేవారు. నాయకుడు సుమారు నలభై నిమిషాలు చట్టాల గురించి చెప్పాడు, 1948 నాటి కనీస వేతనాల చట్టం, డాక్ కార్మికుల చట్టం, అన్నీ సరిగ్గానే చెప్పాడు. ఆయన ముగించాక ఒకామె లేచి, మైకుకి దూరం నుంచే, బుట్టలో ఎంత బరువు ఎత్తాలో నిర్ణయించేది ఎవరని అడిగింది. మేస్త్రీ ఎంతంటే అంతేనా అని. టేపులో ఆ తర్వాత కొంతసేపు మాట లేదు. కుర్చీ కదిలిన చప్పుడు, ఎవరో దగ్గు. ఆ తర్వాత వెనక నుంచి ఆడవాళ్లందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నాయకుడు అప్పుడు చెప్పిన జవాబుకీ మొదటి నలభై నిమిషాలకీ పొంతన లేదు. గొంతు తగ్గింది, లెక్కలు అడగడం మొదలుపెట్టాడు. ఆ సభ గురించి నేను చూసిన పత్రిక వార్తలో నాయకుడి ప్రసంగ సారాంశం ఉంది, ఆమె లేదు. ఆ టేపుని ‘నీటుగా’ చేస్తే మొదట పోయేది ఆమె ప్రశ్నే. మైకుకి దూరంగా ఉంది కాబట్టి శబ్దం తగ్గించే సాఫ్ట్‌వేరు ఆమె గొంతుని గోల కిందే లెక్కేస్తుంది.

మీ ‘కుళాయిల సభ’ టేపుని కూడా ఇలాగే వినండి. ముడసర్లోవ రిజర్వాయరు నీళ్ల మీదే ఊరు బతికిన రోజుల్లో ఏ పేటకి ఏ వేళ నీళ్లు వదిలేవారు, వీధికుళాయి దగ్గర ఎంతసేపు నిలబడాలి, ఇవన్నీ జనం ప్రశ్నల్లోనే దొరుకుతాయి. సభ మొదట్లో చదివే చందాల జాబితా, మధ్యలో ‘ఫలానా వారు తమ బిడ్డ కోసం వేదిక దగ్గరకి రావాలి’ అనే ప్రకటన, మైకుసెట్టు వాడి పేరు, ఇవేవీ తీసేయొద్దు. వీధి పేర్లు, దుకాణాల పేర్లు, ఎవరు ఎంత ఇచ్చారు, ఇదంతా ఊరి చరిత్రే.

ఇక ఎక్కించడం ఎలా. ఏ షాపుకి వెళ్లినా ఈ విషయాలు అడగండి. జవాబు తడబడితే టేపులు వెనక్కి తెచ్చేసుకోండి.

మీ స్పూళ్లు ఏ ట్రాకువి అని అడగండి. ఇళ్లలోని రికార్డర్లు ఎక్కువగా హాఫ్ ట్రాకువి, అంటే టేపు వెడల్పులో సగం మీద ఒక వైపు, తిప్పి వేస్తే మిగతా సగం మీద రెండో వైపు. దీన్ని తర్వాతి కాలపు స్టీరియో మిషను మీద వేస్తే ఒక చెవిలో ప్రసంగం సరిగ్గా, రెండో చెవిలో ఇంకో ప్రసంగం తలకిందులుగా, వెనక నుంచి ముందుకి వినిపిస్తుంది. తెలియనివాడు దాన్ని ‘డిస్టర్బెన్సు’ అనుకుని ఆ ఛానెల్ తీసేస్తాడు. అలా ఒక సభకి సభే పోతుంది.

వేగం కూడా ముఖ్యం. ఏడు అంగుళాల స్పూలు, పన్నెండు వందల అడుగుల టేపు, సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంతో అయితే ఒక వైపు 32 నిమిషాలు, అందులో సగం వేగమైతే 64. చాలామంది టేపు ఆదా కోసం తక్కువ వేగం వాడారు, కొందరు ఒకే స్పూలు మీద మధ్యలో వేగం మార్చారు. సరైన వేగం తెలుసుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. కరెంటుతో నడిచే మైకుసెట్టు ఉన్న సభల్లో రికార్డింగు అడుగున ‘హమ్’, అంటే కరెంటు వల్ల వచ్చే ఝుమ్మనే మోత, ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎక్కించాక కంప్యూటరులో ఆ హమ్ ఎక్కడుందో చూడండి. 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర గీతలు కనిపిస్తే వేగం ఇంచుమించు సరే. 46 దగ్గర ఉంటే మీరు వింటున్నది నెమ్మదిగా నడుస్తోంది, గొంతు బరువుగా వస్తుంది. హమ్ తీసేయించుకున్న ఫైలులో ఈ ఆధారం మిగలదు. చప్పుడు తీసేయొద్దని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

మిషను హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాంతో హెడ్ వాలుని సరిచేస్తారు, ఆ వాలునే అజిముత్ అంటారు. తాతగారి రికార్డరు హెడ్ ఏ వాలులో ఉండిందో, ఇప్పుడు వినిపించే హెడ్‌నీ అదే వాలుకి తిప్పాలి. స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ ‘స’, ‘ష’ పదునుగా పలికేచోట ఆపాలి. ప్రతి స్పూలుకీ విడిగా చేయాలి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది, చేయకపోతే మాటలు గుడ్డ అడ్డం పెట్టినట్టు వస్తాయి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. షాపతను ఈ స్క్రూ సంగతి తనంతట తానే ఎత్తితే నాకైతే నమ్మకం కుదురుతుంది. స్పూలు స్పూలుకీ హెడ్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. ఎసిటేట్ టేపుని ఓవెన్లో వేడి చేస్తామంటే ఒప్పుకోవద్దు. వేడి చేయడం 1970లు, 80ల నాటి జిగురు కారే కొన్ని పాలియెస్టర్ టేపులకి పనికొచ్చే వైద్యం, ఎసిటేట్‌కి అది ప్రాణాంతకం.

అసలు ఫైలు ఎంపీ3 కాకూడదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు తీసుకోండి. స్టీరియోగా తీస్తే గంటకి సుమారు రెండు జీబీ. ఈ రోజుల్లో అదో లెక్క కాదు. మొదటి సెకను నుంచి ఆఖరి సెకను దాకా, ఖాళీలతో సహా, ఏ మార్పూ చేయకుండా ఉండాలి. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో. వాట్సాప్‌లో పంపుకోవడానికి విడిగా ఎంపీ3 చేసుకోండి, అందులో మీ ఇష్టం. అసలు స్పూళ్లని మాత్రం పారేయొద్దు, ఎక్కించాక కూడా. పెట్టెల ఫొటోలు నాలుగు వైపులా తీయండి, లోపలి చీటీలతో సహా.

ఎక్కించడం కంటే తొందర పడాల్సిన పని ఇంకొకటుంది. గాంధీగ్రామ్‌లో, శ్రీహరిపురంలో మీ తాతగారితో పనిచేసిన వాళ్లో, వాళ్ల భార్యలో ఇంకా ఉంటే, ఎంపీ3 ఫోనులో పెట్టుకుని వెళ్లి వినిపించండి. పక్కన ఇంకో ఫోనులో వాళ్లు చెప్పేది రికార్డు చేయండి. ఏ నిమిషం దగ్గర ఎవరి గొంతు గుర్తుపట్టారో రాసుకోండి. ‘ఇది ఫలానా అతను, రివెటింగులో ఉండేవాడు’ అని ఒక పెద్దాయన చెప్పే మాటతో పేరులేని గొంతుకి పేరు వస్తుంది. టేపు ఇంకో ఐదేళ్లు ఆగొచ్చు, ఆ పెద్దవాళ్లు ఆగకపోవచ్చు. మాటలు రాసేటప్పుడు మన ఉత్తరాంధ్ర యాసని పుస్తకాల తెలుగులోకి దిద్దొద్దు, ఎలా అన్నారో అలాగే రాయండి.

యూట్యూబు సంగతి. 1957 కాపీరైటు చట్టం లెక్కన బహిరంగ సభలో చేసిన ప్రసంగం మీద హక్కు మాట్లాడినవారిది, వారి తదనంతరం 60 ఏళ్ల దాకా వారసులది. గిరి గారు పోయింది 1980లో, అంటే జాగ్రత్తగా లెక్కేసుకుంటే 2040 చివరిదాకా. కుటుంబాన్ని ఒక ఉత్తరంతో అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, నేనడిగిన వాళ్లలో కాదన్నవారు అరుదు. నాకు హక్కుల కంటే ఎక్కువ బెంగ వేరే ఉంది. గేటు మీటింగుల్లో సమ్మెకి రాని వాళ్లని పేరుపెట్టి తిట్టేవారు, ఫలానా మేస్త్రీ డబ్బు తిన్నాడనేవారు. నిజమో కాదో ఇప్పుడు తేల్చేవారు లేరు, వాళ్ల మనవలు అదే వీధిలో ఉన్నారు. అలాంటి టేపుని అందరికీ పెట్టొద్దు. పూర్తి ఫైలు లైబ్రరీకో, చరిత్ర శాఖలో పరిశోధన చేసేవారికో ఇవ్వండి, బయట పెట్టే కాపీలో ఆ పేర్లు మాత్రం మూసేసి, ఎక్కడ మూశారో రాయండి. అసలు ఫైలుని ముట్టుకోకండి.

ప్రతి పెట్టె మీదా ఉన్న బ్రాండు పేరు, అడుగుల అంకె, స్పూలు సైజు ఇక్కడ రాయండి. వెలుతురు పరీక్షలో ఏవి లేతగా కనిపించాయో కూడా చెప్పండి. దాన్నిబట్టి ఏది ముందు ఎక్కించాలో వరుస చెప్తాను. పుల్లటి వాసనది ఎలాగూ మొదటిదే.